చందుర్తి చేలల్లో మొదలై బందరు కోటలో తేలిన యుద్ధం

బొబ్బిలి యుద్ధం తెలియని తెలుగువాళ్లు ఉండరు. తాండ్ర పాపారాయుడి పేరు వింటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అది జరిగి రెండేళ్లు తిరక్కుండానే పిఠాపురం పక్కన చందుర్తి పొలాల్లో ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ ఇంకో యుద్ధం జరిగింది. కోస్తా జిల్లాలు ఎవరి చేతిలోకి పోవాలో తేల్చిన యుద్ధం అది. ఆ నేల చూడాలని నాకు ఎన్నాళ్లుగానో ఉంది. పోరు జరిగింది డిసెంబరులో కాబట్టి ఆ నెలలోనే బయల్దేరాను.

కాకినాడలో మా పెదనాన్నగారి అబ్బాయి బండి తీశాడు. పిఠాపురం దాటి గొల్లప్రోలు, అక్కణ్ణుంచి చేబ్రోలు. ఇప్పుడు మల్బరీ తోటలకీ పట్టుపురుగులకీ పేరున్న ఈ చేబ్రోలు దగ్గరే ఇంగ్లీషువాళ్ల కల్నల్ ఫోర్డు సైన్యం దిగింది. ఫ్రెంచివాళ్ల డేరాలు గొల్లప్రోలు వైపు. బండి మీద ఆ ఊరి నుంచి ఈ ఊరికి రావడానికి ఎంతోసేపు పట్టదు. అంత దగ్గరలో రెండు సైన్యాలు ఒకదాన్నొకటి కనిపెట్టుకుని కూర్చున్నాయన్నమాట.

అసలు ఫోర్డుని ఇక్కడికి రప్పించింది మన విజయనగరం రాజే. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల అండతో బొబ్బిలిని నేలమట్టం చేయించిన విజయరామరాజుని పాపారాయుడు డేరాలో దూరి పొడిచి చంపాడు. తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకి ఫ్రెంచివాళ్లంటే గిట్టలేదు. 1758లో ఫ్రెంచివాళ్ల పై అధికారి లాలీ పిలుపు మీద బుస్సీ దక్షిణానికి వెళ్లిపోయి, ఆయన స్థానంలోకి కాన్‌ఫ్లాన్స్ రాగానే, ఆనందరాజు విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ల నుంచి లాక్కుని ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు. మద్రాసువాళ్లు తమని తాము కాపాడుకునే పనిలో ఉండి కుదరదన్నారు. కలకత్తాలో క్లైవు మాత్రం సరేనన్నాడు. సుమారు 500 మంది తెల్లవాళ్లని, 2,000 మంది సిపాయిల్ని ఓడలెక్కించి ఫోర్డు వెంట పంపాడు. అంటే బొబ్బిలి కోటలో రగిలిన మంట చందుర్తి దాకా పాకింది. బొబ్బిలి కథ అంతగా చెప్పుకునే మనం ఈ రెండో సగాన్ని వదిలెయ్యడం నాకు బాధగా ఉంటుంది.

చందుర్తి చేరేసరికి ఎండ ఎక్కింది. వరి కోతలైపోయి అక్కడక్కడా కుప్పలు వేసి ఉన్నాయి. చెరకు మాత్రం ఇంకా నరకలేదు. గట్టు మీద పెద్దాయన ఒకాయన కనిపిస్తే వచ్చిన పని చెప్పాను. "ఇక్కడ యుద్ధమాండీ? బొబ్బిలి యుద్ధం తెలుసండి, చిన్నప్పుడు బుర్రకథల్లో విన్నాం. ఇది మాత్రం ఎవరూ చెప్పలేదండీ, ఆయ్!" అని మాతోపాటే నడిచాడు. నేను చెప్తుంటే మధ్యలో "మరి మన రాజుగారు ఎటేపండీ?" అని అడిగాడు. ఇంగ్లీషువాళ్ల వైపు అంటే కాసేపు మాట్లాడలేదు.

నేను చూడాలనుకున్నది ఒక్కటే. ఆ రోజు ఫోర్డు దళంలోని తెల్లసైనికుల ముందు మనిషెత్తు పెరిగిన పైరు ఉంది. ఆ చాటున వాళ్లు ఫ్రెంచివాళ్ల కంటపడలేదు. పక్కన ఆరుబయట నిలబడ్డది సిపాయిలు. బెంగాల్ నుంచి వచ్చిన ఆ సిపాయిలవి ఎర్ర కోట్లు. దక్షిణంలో ఇంగ్లీషువాళ్ల సిపాయిల్ని ఎర్ర బట్టల్లో చూసిన అలవాటు లేని ఫ్రెంచివాళ్లు వీళ్లే తెల్లసైనికులనుకుని తమ బలమంతా అటు తిప్పారు. ఇది నిజంగా సాధ్యమా అని నాకు ఎప్పుడూ అనుమానం. మా తమ్ముణ్ణి చెరకు తోటకి అవతల నిలబడమన్నాను. వాడిది ఎర్ర టీషర్టే. పాతిక అడుగులు వెయ్యగానే మాయమైపోయాడు. ఆకుల గలగల తప్ప ఏమీ లేదు. గట్టిగా పిలిస్తే గొంతు ఎటు నుంచి వస్తోందో కూడా తెలియలేదు. ఒక పటాలం మొత్తం అలా దాక్కోవచ్చని అప్పుడు నమ్మాను.

సిపాయిలు కాసేపు నిలబడ్డారు, తర్వాత చెదిరిపోయారు. గెలిచామనుకుని ఫ్రెంచివాళ్లు వరస తప్పి వెంటపడ్డారు. అప్పుడు పైరు చాటు నుంచి ఫోర్డు మనుషులు వచ్చి పక్క నుంచి కాల్చారు. అంతే, లెక్క తిరగబడింది. ఫ్రెంచివాళ్ల దగ్గర 30 దాకా ఫిరంగులున్నా, 6,000 మంది సిపాయిలున్నా డేరాలు వదిలి పారిపోయారు. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమహేంద్రవరం దారి పట్టాడు. దెబ్బ ముందు తిన్నది సిపాయిలు, పేరు వచ్చింది ఫోర్డుకి. ఆ సిపాయిల్లో ఒక్కడి పేరైనా చరిత్ర పుస్తకాల్లో నాకు దొరకలేదు. చందుర్తి గట్టు మీద నిలబడితే ముందు గుర్తొచ్చేది వాళ్లే.

తర్వాత రెండు నెలలూ డబ్బు గొడవే. ఇస్తానన్న ఖర్చులు ఆనందరాజు ఇవ్వక ఫోర్డు కదల్లేకపోయాడు. చివరికి 1759 మార్చిలో, కాన్‌ఫ్లాన్స్ తలదాచుకున్న బందరు చేరాడు. నేనూ రైల్లో విజయవాడ, అక్కణ్ణుంచి బస్సులో బందరు వెళ్లాను.

గిలకలదిండి దారిలో ఉన్న బందరు కోటలో ఇప్పుడు మిగిలింది తక్కువే: పాత ఆయుధాగారం, గంట స్తంభం, కొన్ని గోడలు. వాటికన్నా నన్ను కట్టిపడేసింది చుట్టూ ఉన్న బురద. చెప్పులతో ఒక్క అడుగు వేశానో లేదో చీలమండ దాకా దిగబడింది, నల్లగా, ఉప్పు వాసనతో. ఫోర్డు మనుషులు 1759 ఏప్రిల్ 7 రాత్రి, సముద్రం నీళ్లు వెనక్కి తగ్గే పాటు సమయం చూసుకుని ఇలాంటి బురదలోంచే గోడల మీదికి ఎక్కారు. అప్పటికి వాళ్ల పరిస్థితి ఘోరం. మందుగుండు రెండు రోజులకే సరిపోతుంది. జీతాలు లేక తెల్లసైనికులే తిరగబడ్డారు. వెనక నుంచి ఫ్రెంచివాళ్ల పక్షాన ఉన్న హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ సైన్యం వస్తోంది. వెనక్కి వెళ్లే దారి లేదు. ఫోర్డు దళంలోని కెప్టెన్ నాక్స్ ఎవరూ దాటలేరనుకున్న బురదవైపు నుంచి ఉత్తుత్తి దాడి చేశాడు. ఆనందరాజు మనుషులు కోట వాకిటి దారిలో గోల చేశారు. అసలు దాడి ఈశాన్యపు బురుజు మీద జరిగింది. తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. పట్టుబడ్డవాళ్లు పట్టుకున్నవాళ్లకన్నా ఎక్కువ.

మే 14న సలాబత్ జంగ్ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. బందరు, నిజాంపట్నం ప్రాంతాలు ఇంగ్లీషువాళ్ల ఈస్టిండియా కంపెనీకి పోయాయి, కృష్ణకి ఉత్తరాన ఫ్రెంచివాళ్ల సైన్యం ఉండకూడదన్నారు. 1766కల్లా సర్కారు జిల్లాలు చాలామటుకు కంపెనీవే. వీళ్లని పిలిచిన ఆనందరాజు మాత్రం విజయనగరం చేరకుండానే రాజమహేంద్రవరంలో మశూచితో పోయాడు.

సాయంత్రం పరాసుపేట, ఇంగ్లీషుపాలెం వీధుల్లో తిరిగాను. చూడాలనుకునేవాళ్లు ముందు చందుర్తి, తర్వాత బందరు, ఈ వరసలోనే వెళ్లండి. చందుర్తికి చెరకు కోతలకి ముందే వెళ్తే మంచిది. కోట దగ్గర మాత్రం వాన పడిన మర్నాడు బురదలోకి దిగకండి.