కృష్ణను ముందు సముద్రంగా గీయాలి

సివిలైజేషన్ 2 అనే కంప్యూటరు ఆటలో నది అంటే తొవ్వ. ఒక నది గడి నుంచి పక్క నది గడికి పోయే దళానికి మూడో వంతు కదలికే ఖర్చు, అచ్చం రోడ్డుమీద పోయినట్టే. 1996లో వచ్చిన ఆ ఆట ప్రపంచమంతా, ఆరు వేల ఏళ్లు అన్న లెక్కలో నడుస్తుంది కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. మక్తల్ నుంచి వాడపల్లి దాకా కృష్ణ ఒడ్డున యుద్ధం నడిపే సినారియోలో, అంటే ఆ ఆటమీద మనం సొంతంగా అల్లుకునే ఆటలో, చెల్లదు. వానకాలంలో పుట్టి దాటడానికే భయపడే ఏటిమీద బహమనీ గుర్రాలు రోడ్డెక్కినట్టు ఉరుకుతాయి. మన ప్రాంతం చరిత్రమీద సినారియో చేద్దామనుకునేవాళ్లు సైనికుల బొమ్మలతో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది ఏటితో.

ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నది 1417 నుంచి 1425 దాకా. ఫిరోజ్ షా బహమనీ పానగల్లు కోటను ముట్టడించడం, రాచకొండ వెలమలు బహమనీల పక్షం వదిలి విజయనగరం వైపు తిరగడం, 1420 ప్రాంతంలో దేవరాయల సేన చేతిలో ఫిరోజ్ ఓడిపోవడం, 1422లో అహ్మద్ షా గద్దెనెక్కడం, ఆ తర్వాత ఓరుగల్లు బహమనీల చేతికి పోవడం, అన్నీ ఈ ఎనిమిదేళ్లలోనే. ఆటలో ఏడు రాజ్యాలకే చోటు, అనాగరికులు అదనం. లెక్క చూసి చేసినట్టు సరిపోతుంది: బహమనీ, విజయనగరం, రాచకొండ, దేవరకొండ, కొండవీడు, రాజమహేంద్రవరం, తూర్పు గంగులు. రాచకొండ, దేవరకొండ ఒకే రేచర్ల వంశం కదా, కలిపేద్దాం అనిపిస్తుంది. కలపొద్దు. కలిపితే కంప్యూటరు దేవరకొండ దళాలన్నిటినీ రాచకొండకు తోలి, దక్షిణాన్ని ఖాళీగా వదిలేస్తుంది.

వెర్షన్ సంగతి ముందే తేల్చుకోవాలి. మొదటి 1996 డిస్కు 16-బిట్ ప్రోగ్రాము, ఇప్పటి 64-బిట్ విండోస్‌లో నేరుగా నడవదు. 1998 నాటి మల్టీప్లేయర్ గోల్డ్ ఎడిషన్ నడుస్తుంది, కానీ పేరు టైపు చేసే పెట్టె తెరవగానే బిగుసుకుపోవచ్చు. దానికి అభిమానులు చేసిన చిన్న ప్యాచ్ ఉంది, వేసుకోండి. గోల్డ్‌లో దళాల రకాలకు 62 వరసలు, మ్యాపుకు 10,000 గడులు, ఊళ్లకు 255 హద్దు. ఈ సినారియోకు ఇవి కావలసినదానికంటే ఎక్కువే.

మ్యాపుకు 60×100 కొలత పెట్టండి. గుల్బర్గా నుంచి రాజమండ్రి దాకా పడమర-తూర్పు సుమారు 530 కిలోమీటర్లు, ఉత్తర-దక్షిణాలు 440. వరసకు 60 గడులంటే గడికి దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. నిలువునా 100 వరసలున్నా ఒకదాంట్లో ఒకటి సగం దూరి ఉంటాయి కాబట్టి అటూ అదే తొమ్మిది వస్తుంది. ఉపగ్రహ చిత్రం కింద పెట్టుకుని గీసేవాళ్లు ఒకటి చూసుకోవాలి: శ్రీశైలం, జూరాల, నాగార్జునసాగర్ నీళ్లు ఆనాడు లేవు. కొల్లాపూర్ కింద కనిపించే ఆ వెడల్పాటి నీలమంతా డ్యాము వెనక నీరే, తీసేయండి. నల్లగొండ పక్కన ఉదయసముద్రం చెరువు మాత్రం పాతది, ఉంచొచ్చు.

ఇక ఏరు. కృష్ణ, తుంగభద్ర రెండింటినీ సముద్రం గడులతో గీయాలి. మూసీ, డిండి, భీమలను మామూలు నదులుగానే వదిలేయొచ్చు, వాటిని సేనలు దాటడం పెద్ద పని కాదు. ఇక్కడే దాదాపు అందరూ పడే గుంట ఒకటుంది. ఈ ఆటలో గడి నంబర్లు రెండూ సరి సంఖ్యలైనా కావాలి, రెండూ బేసి అయినా కావాలి. 40,60 గడి ఉంది, 41,60 అనే గడే లేదు. పడమర నుంచి తూర్పుకు పారే ఏటిని 40,60 తర్వాత 42,60 తర్వాత 44,60 అని గీస్తే తెరమీద చక్కగా కనిపిస్తుంది, కానీ ఆ గడులు మొనలు మాత్రమే తాకించుకుంటాయి. 41,59లో నిలబడ్డ రౌతు 41,61కు ఆ మొనల సందులోంచి దూకేస్తాడు, ఆట ఆపదు. అందుకే 40,60 తర్వాత 41,61, మళ్లీ 42,60, 43,61 అని మెట్లు మెట్లుగా గీయాలి. గడి అంచు గడి అంచుకు ఆనాలి, అప్పుడే సందు మూసుకుంటుంది. గీయడం అయ్యాక ఛీట్ మెనూలో ఒక గుర్రపు దళాన్ని పుట్టించి ఒడ్డు పొడవునా నడిపించండి, ఎక్కడ కారుతుందో దొరికిపోతుంది.

సముద్రం గడితో వచ్చే తలనొప్పులు కొన్ని ఉన్నాయి. ఏటి ఒడ్డు ఊళ్లన్నీ రేవు పట్టణాలైపోతాయి, కంప్యూటరు ఆలంపురంలో ఓడలు కట్టడం మొదలుపెడుతుంది. ఆట అంకెలన్నీ ఉండే రూల్స్ ఫైలులో ఓడల వరసలకూ, హార్బరు లాంటి కట్టడాలకూ ముందు-విద్య (అది కట్టాలంటే ముందు రావాల్సిన విద్య) చోట ‘నో’ అని రాయండి, ఎవరూ ఎప్పటికీ కట్టలేరు. ‘నిల్’ అని రాస్తే తలకిందులవుతుంది, మొదటి నుంచే అందరూ కట్టుకోవచ్చని దానర్థం. సముద్రం గడికి మామూలుగా తిండి 1, వ్యాపారం 2 వస్తుంది. అలాగే వదిలితే కృష్ణ ఒడ్డు కుగ్రామం మోటుపల్లి రేవుతో సమానమవుతుంది. వ్యాపారం 1 చేయండి. మోటుపల్లికి జరిగే అన్యాయాన్ని ఆ ఊళ్లో మార్కెట్ ముందే కట్టిపెట్టి సర్దొచ్చు.

దాటడానికి రేవులు ఐదారుకు మించొద్దు. వాటిని వానకాలంలో మూయాలంటే, ఆట నడుమ ఎప్పుడేం జరగాలో రాసే ఈవెంట్స్ ఫైలులో చిన్న కిటుకు పనికొస్తుంది. టర్న్ రెండు నెలలనుకోండి, ఏడాదికి ఆరు టర్న్‌లు. మొదటి టర్న్ ఆగస్టు అయితే ఆరోది జూన్. ముందుగా టర్న్-ఇంటర్వల్ 2 అని ఒక ఈవెంటు రాసి రేవు గడిని మైదానంగా మార్చండి, అంటే నేల సంఖ్య 1. దాని కిందనే టర్న్-ఇంటర్వల్ 6 అని ఇంకోటి రాసి అదే గడిని సముద్రం, అంటే 10 చేయండి. ఆరో టర్న్‌లో రెండూ అమలవుతాయి, ఫైలులో కింద ఉన్నదే చివరి మాట. ఆరు, ఏడు టర్న్‌లు రేవు మూత, ఎనిమిదిలో తెరుచుకుంటుంది: జూన్ నుంచి సెప్టెంబరు దాకా సరిగ్గా వానలు. మ్యాపులో మొదట ఆ గడులను సముద్రంగానే ఉంచాలి, ఎందుకంటే మొదటి టర్న్ ఆగస్టు. వరస తారుమారైతే ఏరు ఎప్పటికీ మూతపడదు, ఏ తప్పూ చూపించదు కూడా. ఒక ఈవెంటులో ఒక రకం చర్య ఒక్కసారే కుదురుతుంది, కాబట్టి ఐదు రేవులకు పది ఈవెంట్లు కావాలి. ఏప్రిల్ టర్న్ ముగిసేసరికి రేవు గడిలో దళం నిలపొద్దని రీడ్‌మీ ఫైలులో మొదటి వాక్యంగా రాయండి.

ఏరు తర్వాత గుట్టలు. దేవరకొండ, రాచకొండ, భువనగిరి, కోయిలకొండ, ఘనపురం, పానగల్లు ఇవన్నీ కొండ (హిల్స్) గడిమీదే ఉండాలి. ఒక్క గడి పక్కకు పెడితే కోట విలువ సగమవుతుంది. కొండ గడికి రక్షణ 200 శాతం, అంటే రెట్టింపు, కోట గోడలు నేలదళాలమీద మూడింతలు. రక్షణ 3 ఉన్న కాల్బలం ఆ రెండూ కలిస్తే 18 అవుతుంది. దాడి 8 ఉన్న ఏనుగులు ఎన్ని పోయినా అక్కడ తల కొట్టుకుని చావడమే. కొందరు ఇది చూసి గోడలు తీసేస్తారు. నాకు అది సరికాదనిపిస్తుంది. ఆనాటి గుట్ట కోటలు దాడితో కాదు, ముట్టడితో, లేదా లోపలివాళ్లు పక్షం మారడంతో పడ్డవి.

ముట్టడిని ఆటే చేసి పెడుతుంది, దాన్ని వాడుకోవాలి. ఊరి చుట్టూ ఉన్న 20 గడుల్లో శత్రుదళం నిలబడ్డ గడిని ఊరి జనం సాగుచేసుకోలేరు. మంచి గడులు నాలుగైదు ఆక్రమిస్తే తిండి, ఉత్పత్తి రెండూ పడిపోతాయి. ఉత్పత్తి చాలకపోతే ఆ ఊరు పోషించే దళాలు ఒక్కొక్కటే రద్దవుతాయి. ఇది జరగాలంటే కోటలోని దళాల సొంతూరు ఆ కోటే అయి ఉండాలి. ఛీట్ మెనూతో పుట్టించినప్పుడు సొంతూరు లేకుండా వదిలేస్తే ఆ దళాలకు పోషణే అక్కర్లేదు, ఏళ్ల తరబడి ముట్టడించినా ఒక్కడు కూడా తగ్గడు. ‘మీ సినారియోలో పానగల్లు అసలు పడదు’ అనే ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది ఇదే. రాళ్లు రువ్వే యంత్రాలకు గోడలను లెక్కచేయని జెండా, అంటే ప్రత్యేక గుణం, ఇవ్వొచ్చు: రూల్స్ ఫైలులో దళం వరస చివర్లో ఉండే 15 అంకెల్లో కుడి నుంచి ఏడోది 1 చేయాలి. రాజ్యానికి రెండుకు మించి ఇవ్వకండి, దాని ముందు-విద్య కూడా ‘నో’.

నేల రకాల్లో టండ్రా, మంచు మనకు ఉత్తివే. టండ్రాను రాళ్ల చెలకగా, మంచును చెరువు కింది తరిగా మార్చండి. తరికి తిండి 3, చెలకకు తిండి 1, దారి ఖర్చు 2. ఈ తేడా లేకుంటే పాలమూరు, కృష్ణా డెల్టా ఒకే రకంగా పండుతాయి.

దళాల కదలిక దగ్గర రాజీ తప్పదు. రెండు నెలల్లో కాల్బలం ఒక్క గడి, అంటే తొమ్మిది కిలోమీటర్లు నడవడం నవ్వులాట. అలాగని గుర్రాలకు 8 ఇస్తే ఒక్క టర్న్‌లో ఎనిమిదిసార్లు దాడి చేస్తాయి. కాల్బలానికి 3, గుర్రాలకు 5 ఇచ్చి, కొండకూ అడవికీ దారి ఖర్చు 3కు పెంచితే నల్లమల నల్లమలలాగానే ఉంటుంది. ఇంకో చిక్కు: గుర్రాలమీద రెట్టింపు రక్షణ ఇచ్చే ఈటెల జెండా, కదలిక 2, ప్రాణం 1హెచ్ (అంటే 10) ఉన్న దళాలమీదే పనిచేస్తుంది. మీ గుర్రాలకు 5 ఇచ్చిన క్షణం ఆ జెండా దండగ. ఈటెల దళానికి రక్షణ అంకెనే ఒకటి పెంచి ఊరుకోండి. కొత్త ఊళ్లు కట్టే దళానికీ ‘నో’ తప్పదు, లేకుంటే నల్లమల నడిమధ్య కొత్త పట్నాలు లేస్తాయి.

దళాల బొమ్మల ఫైలు 256 రంగుల జిఫ్. ఒక్కో బొమ్మకు 64×48 పిక్సెళ్ల పెట్టె, దాని అంచుగీతలో ఉండే నీలం చుక్కలే, దళం ఏ రాజ్యానిదో చూపే డాలు ఎక్కడ రావాలో చెబుతాయి. బొమ్మ అతికించేటప్పుడు అంచు చెరిపితే డాలు ఎక్కడికో పోతుంది. కొత్త ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు రంగుల పట్టిక వరస మార్చేస్తాయి, ఏనుగు ఆకుపచ్చగా వస్తుంది. పాత ఫైలు పట్టికనే మళ్లీ ఎక్కించి సేవ్ చేయండి.

పేర్లు తెలుగు లిపిలో పడవు, ఇంగ్లిష్ అక్షరాలే. ఈవెంట్లు ఊరిని పేరుతోనే గుర్తుపడతాయి కాబట్టి పానగల్ దగ్గర జాగ్రత్త. నల్లగొండ పక్కన పచ్చల సోమేశ్వరాలయం ఉన్న పానగల్ ఒకటి, వనపర్తి జిల్లాలో గుట్టమీది పానగల్లు కోట ఇంకొకటి. ఫిరోజ్ ముట్టడించింది ఏదన్నదానిమీద రాసినవాళ్లు ఒక్క మాటమీద లేరు. ఏటికి దగ్గరగా ఉన్న గుట్టకోటనే తీసుకుంటే సినారియోలో కృష్ణకు పని దొరుకుతుంది, నా ఓటు దానికే. రెండూ పెడితే స్పెల్లింగు కచ్చితంగా వేరు చేయండి.

రాచకొండ పక్షం మారడానికి ఒక్క ఈవెంటు చాలు: పానగల్లు ముట్టడికి పన్నెండు టర్న్‌లు ఇచ్చి, పదమూడో టర్న్‌లో మేక్-అగ్రెషన్ చర్యతో రాచకొండను బహమనీలమీదికి తిప్పాలి. గోల్డ్ ఎడిషన్ కంప్యూటరుకు స్నేహం నిలుపుకునే గుణం లేదు, అందరిమీదా పడుతుంది, కాబట్టి ఆ పన్నెండు టర్న్‌లకు ముందే శాంతి భంగం కావచ్చు. రాచకొండకు ఉత్తరాన రేవు గడులకు దూరంగా దళాలు పెట్టడమొక్కటే అడ్డు. ఊరు పట్టుకున్నందుకు డబ్బిచ్చే ఈవెంట్లన్నిటికీ జస్ట్-వన్స్ (ఒక్కసారే జరగాలన్న మాట) తగిలించండి. లేకుంటే ఆటగాడు అదే కోటను వదిలి, మళ్లీ పట్టుకుని ఖజానా నింపుకుంటాడు.

దళం పుట్టించే ఈవెంటులో చోట్లు పది దాకా ఇవ్వొచ్చు. మొదటి గడిలో శత్రువు ఉంటే రెండోది చూస్తుంది. ఒక్క చోటే ఇస్తే విజయనగరం సాయం సేన రాకుండానే పోతుంది.

మార్పు చేసిన ప్రతిసారీ సినారియో ఫైలు నుంచే మొదలుపెట్టి పరీక్షించాలి. సేవ్ చేసిన ఆటలో పాత ఈవెంట్లే లోపల ఉండిపోతాయి, మీరు దిద్దింది అందులో కనిపించదు. చివరికి సినారియో, రూల్స్, ఈవెంట్స్, బొమ్మల ఫైళ్లన్నీ ఒకే ఫోల్డరులో పెట్టి, దాన్ని కొత్తగా ఎక్కించిన ఆటలోకి తీసుకెళ్లి ఒకసారి తెరవండి. మీ కంప్యూటరులో అసలు ఆట ఫోల్డరులోనే మిగిలిపోయిన బొమ్మల ఫైలు ఏదైనా ఉంటే అక్కడ బయటపడుతుంది.