చెరువు పచ్చగా ఉందని మురిసిపోకండి

మా అనంతపురం జిల్లాలో చెరువులో నీళ్ళుంటే చాలు, వాటి రంగు గురించి ఎవరడుగుతారు? ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే చోట అది సహజమే. కానీ టౌన్ మురుగు దిగే చెరువు ఏదైనా ఒకసారి కట్ట దిగి దగ్గరగా చూడండి. నీళ్ళు చిక్కగా, ఆకుపచ్చగా, చెయ్యి మోచేతి దాకా ముంచితే వేళ్ళు కనపడనంతగా ఉంటాయి. గాలి వాటుకి ఒక ఒడ్డున పాచి మేట వేసి కుళ్ళుకంపు కొడుతుంటుంది. ఇది చెరువు బాగున్న లక్షణం కాదు, తిండి ఎక్కువై చచ్చిపోతున్న లక్షణం.

ఆ తిండి ఏమిటంటే ముఖ్యంగా భాస్వరం, దాని వెనక నత్రజని. మనం పొలంలో వేసే డీఏపీ 50 కిలోల బస్తాలో అసలు భాస్వరం 10 కిలోలు ఉంటుంది (బస్తా మీద రాసే 46 శాతం దాని ఆక్సైడ్ లెక్క, భాస్వరం అందులో సగానికి కొంచెం తక్కువే). ఒక్క కిలో భాస్వరం నీళ్ళలో కలిస్తే 500 కిలోల దాకా పచ్చి నాచు పెరగగలదని ఒక అంచనా. బస్తా మొత్తం చెరువులోకి పోదు లెండి, ఎక్కువ భాగం మట్టిని పట్టుకుని పొలంలోనే ఉంటుంది. అయితే మన దగ్గర వాన పడితే ఒక్కపెట్టున పడుతుంది, పైమట్టి ఎర్రగా వంకలో కొట్టుకుపోతుంది, మట్టితో పాటు అదీ పోతుంది. దానికి ఊళ్ళో మరుగుదొడ్ల నీళ్ళు, బట్టల సబ్బు, పేడదిబ్బలు తోడు.

భాస్వరమే అసలు దోషి అని ఎలా తేల్చారంటే, 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం, ప్రయోగాలకే కేటాయించిన సరస్సుల్లో 226 నంబరుదాన్ని మధ్యలో ప్లాస్టిక్ తెర కట్టి రెండు చేసింది. ఒక సగంలో కార్బన్, నత్రజని వేశారు, రెండో సగంలో ఆ రెండూ వేసి భాస్వరం కూడా కలిపారు. కొన్ని వారాల్లోనే రెండో సగం పచ్చబడిపోయింది, మొదటిది మామూలుగానే ఉంది. పైనుంచి తీసిన ఆ ఫొటో చూస్తే ఇంక వాదన అక్కర్లేదు.

మన చెరువులు లోతు తక్కువవి కాబట్టి ముందు దెబ్బ తినేది నీటి అడుగున పెరిగే మొక్కలు. పైన నాచు కమ్మితే కిందికి వెలుతురు పోదు, మొక్క చస్తుంది. వాటిని పట్టుకుని బతికే నత్తలు, తూనీగ పిల్లలు, దాక్కునే చేపపిల్లలు, నాచును తిని అదుపులో ఉంచే సన్న పురుగులు, అన్నీ ఒకదాని వెనక ఒకటి తగ్గిపోతాయి. మొక్కల వేళ్ళు పోయాక అడుగు బురద లేచి నీళ్ళు ఇంకా మసకబారతాయి. విచిత్రమేమిటంటే ఇది మెల్లగా జరిగేది కాదు. ఏళ్ళ తరబడి తట్టుకుని నిలబడిన చెరువు ఒకటి రెండు సీజన్లలో తిరగబడిపోతుంది, ఆ తర్వాత భాస్వరం కాస్త తగ్గించినంత మాత్రాన వెనక్కి రాదు.

ఎండాకాలంలో తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని గాలి మింగుతుంటాయి, పొద్దెక్కేసరికి తెల్లగా తేలిపోతాయి. ఊళ్ళో వెంటనే పుట్టే మాట, 'ఎవరో మందు కలిపినారు' అని. చాలాసార్లు ఎవరూ ఏమీ కలిపి ఉండరు. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పీల్చేస్తుంది, చచ్చిన నాచు కుళ్ళడానికి ఇంకొంత పోతుంది, తెల్లారేసరికి నీళ్ళలో ఏమీ మిగలదు. ఇలాంటి చోట నిలిచేవి గాలి పీల్చగల కొర్రమీను, మార్పు చేప, దేనికైనా ఓర్చుకునే జిలేబి చేప (తిలాపియా). చెరువులో చేపలు లేవా అంటే ఉన్నాయి, రకాలే పోయాయి. పక్షులదీ అంతే. హిందూపురం దగ్గర వీరాపురం చింతచెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగలు నీళ్ళలో ముక్కు తెరిచిపెట్టి చేప తగిలితే పట్టేస్తాయి, కాబట్టి మసక నీళ్ళలోనూ ఏదోలా గడిచిపోతుంది. కంటితో చూసి దూకే లకుముకి పిట్ట ఏం చేయాలి?

నాకు ఎక్కువ భయం వేసింది స్విట్జర్లాండ్ సంగతి చదివి. అక్కడి సరస్సుల్లో వైట్‌ఫిష్ అనే చేపల్లో కొన్ని లోతులోనే గుడ్లు పెట్టేవి, కొన్ని ఒడ్డు దగ్గర. గత శతాబ్దంలో భాస్వరం పెరిగి అడుగున ఆక్సిజన్ లేకుండా పోతే, లోతు చేపలు పైకొచ్చి పై చేపలతో జతకట్టి కలిసిపోయాయి. 2012లో వచ్చిన పరిశోధన ప్రకారం ఆ జాతుల్లో 38 శాతం పోయాయి, అందులో చాలా భాగం చచ్చి కాదు, కలగలిసిపోయి. ఇప్పుడు నీళ్ళు మళ్ళీ తేటగా అయ్యాయి, ఆ జాతులు మాత్రం రావు.

అమెరికాలో సియాటిల్ పక్కన వాషింగ్టన్ సరస్సులోకి పోయే మురుగుని 1963 నుంచి 1968 లోపు వేరే దారికి మళ్ళించేస్తే కొన్నేళ్ళలోనే తేరుకుంది. అది చాలా లోతైనది, నీళ్ళు మారుతుంటాయి. మనకి మరువ (అలుగు) పారేదే ఎన్నేళ్ళకో ఒకసారి. వచ్చినదంతా లోపలే, ఎండకి నీళ్ళు ఆవిరై భాస్వరం అడుగు బురదలో మిగులుతుంది. అడుగున ఆక్సిజన్ పోయినప్పుడల్లా ఇనుముని పట్టుకుని ఉన్న భాస్వరం విడిపోయి మళ్ళీ పైకొస్తుంది. మురుగు ఈ రోజు ఆపినా పాత బాకీ ఏళ్ళ తరబడి వసూలవుతూనే ఉంటుంది.

అందుకే నాకు మన పాత అలవాటు మీద ఇప్పుడు గౌరవం పెరిగింది. వేసవిలో చెరువు ఎండితే బండ్లు కట్టి ఒండ్రుమట్టి పొలాలకి తోలేవాళ్ళు, పొలంలోంచి పోయింది పొలానికే చేరేది. కడప జిల్లాలో 1369 నాటి పోరుమామిళ్ళ చెరువు లాంటివి డీఏపీ బస్తా పుట్టకముందు ఎన్ని వందల ఏళ్ళు గడిపాయో ఆలోచించండి. బస్తా చేతికొచ్చాక మట్టి తోలడం తగ్గింది, ఒకవేళ తవ్వినా ట్రాక్టర్లు వెంచర్ల వైపు పోతున్నాయి, అడిగితే పూడిక తీస్తున్నాం అంటారు.

టౌన్ కాలువ కలిసే చెరువు మట్టిని మాత్రం కళ్ళు మూసుకుని పొలానికి తోలకండి, అందులో అద్దకం రంగులు, లోహాలు ఉండొచ్చు. కాలువ కలిసే మూల నుంచి ఒకటి, దూరంగా తూము దగ్గర నుంచి ఒకటి, రెండు నమూనాలు తీసి ల్యాబ్‌కి ఇచ్చి, భాస్వరంతో పాటు సీసం, క్రోమియం కూడా చూడమని అడగండి. మట్టి బాగుంటే, ఆ ఏడు డీఏపీ ఒక బస్తా తగ్గించుకోవచ్చేమో కూడా వాళ్ళనే అడిగి రండి.