కొసరుకి కూడా లెక్క

పదకొండున్నర దాటింది. చిన్నది పడుకుంది, ఆయన హాల్లో మ్యాచ్ చూస్తున్నారు. నాకే నిద్ర పట్టట్లేదు.

"పాయింటు నా పేరు మీద వేశావా?" మధ్యాహ్నం ఆఫీసులో నేనన్న మాట ఇది. కొత్తగా చేరిన నంద్యాల పిల్లతో. పక్కన కూర్చుని పది నిమిషాలు తప్పెక్కడుందో చూపించి, లేస్తూ అడిగాను. "వేస్తానక్కా" అని తల వంచుకుంది.

ఈ పాయింట్ల గొడవ రెండు నెలల నుంచి. ఎవరి డౌటు తీర్చినా ఒక పాయింటు, ఎక్కువ వచ్చినవాళ్లకి గిఫ్ట్ కార్డు. అంతకుముందు మా వరసలో ఎవరు పిలిచినా కుర్చీ జరుపుకుని వెళ్లి చూసేవాళ్లం. ఇప్పుడు ముందు ఎంట్రీ వేయమంటున్నారు. తేలిక డౌట్లకి పోటీ, కష్టమైనవాటికి ఎవరూ దొరకరు. ఈ ఉదయం ఒకే డౌటు కోసం ఇద్దరు పావుగంట వాదించుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట చల్లారకముందే నేనూ అదే పని చేశాను.

ఇజ్రాయెల్‌లోని హైఫాలో డే కేర్ల మీద చేసిన ఒక అధ్యయనం 2000లో వచ్చింది. పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకి జరిమానా పెడితే ఆలస్యాలు దాదాపు రెట్టింపయ్యాయి. టీచరమ్మ ఎదురుచూస్తోందన్న మొహమాటం పోయి, డబ్బు కట్టాం కదా అన్న ధీమా వచ్చింది. జరిమానా ఎత్తేశాక కూడా ఆలస్యాలు తగ్గలేదు. నా భయం అదే.

చీరాలలో పెదనాన్న గుంట మగ్గం గుర్తొస్తోంది. వానాకాలం, గుంటలో చెమ్మ. నేను పక్కన కండెలు చుడుతున్నాను. నాలుగు వేళ్ల గుడ్డ నేశాక ఎక్కడో పోగు తప్పిందని చూశాడు. పోగు నడిపే నాడె పక్కన పెట్టి, అడ్డంగా నేసిన పేక పోగులు ఒక్కొక్కటే వెనక్కి లాగడం మొదలుపెట్టాడు. "షావుకారు చూడడు, మజూరీ పెంచడు. దీపాలు పెట్టే వేళయింది, రా" అంది పెద్దమ్మ. "కట్టుకునే ఆవిడకి కనబడుతుందిగా" అన్నాడు, తలెత్తకుండా. లాంతరు వెలుగులో ఆ వేళ్లు ఇప్పటికీ కళ్లకి కడతాయి.

మనిషి లాభం కోసమే పని చేయడని చెప్పడానికి ఇన్నేళ్లూ ఈ కథే చెప్పాను. ఇక్కడిదాకా టైప్ చేశాక మిగతాది గుర్తొచ్చింది. తర్వాత రెండేళ్లకి పెదనాన్న మగ్గం అమ్మేసి గుంటూరులో వాచ్‌మన్‌గా చేరాడు. పని మీద ప్రేమ తగ్గి కాదు, మజూరీతో ఇల్లు గడవక. పెద్దమ్మ ఆ సాయంత్రం మాట్లాడింది బియ్యం గురించి. నేనే వినలేదు. 1914లో హెన్రీ ఫోర్డ్ రోజు కూలిని దాదాపు రెట్టింపు చేసి 5 డాలర్లు చేస్తే, అదేపనిగా మానేసి వెళ్లిపోయే కార్మికులు నిలబడ్డారు. తృప్తి గురించి నేను చెప్పే కథ జీతం పెంచనివాళ్లకి ఎంత బాగా పనికొస్తుందో ఇన్నాళ్లూ ఆలోచించలేదు.

అయినా ఆ నాలుగు వేళ్ల గుడ్డని ఏ మజూరీ విప్పించింది?

ఈ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు, ఇక్కడ బెంగళూరు కుందనహళ్లి దగ్గర కూరగాయల బండాయన, మన చిత్తూరు వైపు మనిషే, అడగకుండానే గుప్పెడు కొత్తిమీర సంచిలో వేశాడు. అసలు కంటే కొసరు ముద్దు అంటారు కదా, ఇల్లు చేరేదాకా ఆ వాసనే.

ఆ పాయింటు తీసేయమని రేపు ఆ పిల్లకి చెప్తాను. వచ్చే నెల తన ప్రొబేషన్ అయిపోతుంది. తన జీతం మాట మేనేజరు దగ్గర నేనే ఎత్తుతాను.