నిట్టింగ్ ప్యాటర్న్: ముందు ఒక్క వరస విడదీసి చూడండి

నిట్, పర్ల్ అనే రెండు మూల కుట్లు చేతికి వచ్చేసినవాళ్లు కూడా ప్యాటర్న్ (ఎలా అల్లాలో చెప్పే సూచనలు) కాగితం చూడగానే ఆగిపోతారు. కాగితం మొత్తం ఒకేసారి బుర్రకెక్కాలనుకోవడంతోనే చిక్కు. సూదులు పట్టకముందే ఒక్క వరస తీసుకుని నోట్‌బుక్‌లో విడదీసి రాయండి.

ఉదాహరణకి స్వెటర్ అంచుకి వేసే రిబ్, అంటే నిలువు చారలుగా సాగే అల్లిక. కుట్లు 4 గుణిజం + 2 అని ఉంటుంది, అంటే 22 వేసుకోవచ్చు. 1వ వరస: *కె2, పి2*, చివరి 2 కుట్ల వరకు, కె2. కె అంటే నిట్, పి అంటే పర్ల్, పక్కన అంకె ఎన్ని కుట్లో చెబుతుంది. నక్షత్రాల మధ్య ఉన్నది 5 సార్లు అల్లితే 20 అవుతాయి, మిగిలిన 2 నిట్. చివర 1 గానీ 3 గానీ మిగిలాయంటే లెక్క ఎక్కడో తప్పినట్టే, వెనక్కి వెళ్లి చూసుకోవాలి.

2వ వరస పి2తో మొదలవుతుంది. చాలామంది మళ్లీ 1వ వరసే అల్లేస్తారు. అప్పుడు రిబ్ పడదు, నిలువు చారలకి బదులు బుడిపెలు చెదిరినట్టుండే అల్లిక వస్తుంది. కాగితం పక్కన పెట్టి సూదిమీది కుట్టుని చూడండి: మెడ దగ్గర అడ్డంగా బుడిపె ఉంటే పర్ల్ చేయాలి, నున్నగా ఉంటే నిట్.

బ్రాకెట్లకి రెండు పనులున్నాయి. 88 (96, 104) అంటే సైజులు. మీ సైజు అంకెకి మొదటి నుంచి చివరిదాకా పెన్సిల్‌తో సున్నా చుట్టేయండి. (కె1, పి1) 3 సార్లు అంటే మాత్రం 6 కుట్లు అల్లమని. కె2టుగ్ అంటే రెండిటినీ కలిపి ఒకటిగా అల్లడం, అక్కడ ఒక కుట్టు తగ్గుతుంది.

గేజ్ (ఇంత కొలతకి ఎన్ని కుట్లు పడాలనే లెక్క) దాటేయకండి, బతిమాలి చెబుతున్నా. 10 సెం.మీ.కి 22 కుట్లు అని రాసుంటే, మీకు 20 వస్తే, 110 కుట్ల ముందు భాగం 50 సెం.మీ. కాకుండా 55 అవుతుంది. వెనక భాగం కూడా అంతే, ఛాతీ చుట్టూ 10 సెం.మీ. వదులు! 15 సెం.మీ. ముక్క అల్లి, ఉతికి, ఆరాక మధ్యలో కొలవండి. అంచులు ముడుచుకుంటాయి కాబట్టి అక్కడ కొలత నిలవదు. కుట్లు తక్కువొస్తే సన్న సూది, ఎక్కువొస్తే లావు సూది.

సూది నంబర్‌ని నమ్మకండి. పాత బ్రిటిష్ లెక్కలో 10 అంటే 3.25 మి.మీ., అమెరికన్ 10 అంటే 6 మి.మీ. మిల్లీమీటర్లే చూడండి.

ఇక చంక, మెడ దగ్గర కుట్లు తగ్గించే చోట ‘అదే సమయంలో’ (రెండు తగ్గింపులూ కలిపే చేయాలని) అనే మాట పేరా చివర్లో నక్కి ఉంటుంది. చంక పూర్తిచేశాక అది కంటపడితే అక్కడిదాకా విప్పాల్సిందే. అందుకే ఆ భాగం మొదలెట్టకముందే రెండు తగ్గింపులూ ఏ వరసలో పడతాయో పక్కపక్కన రాసి పెట్టుకోండి.