ఇంటి అమ్మాయి

ద్వారకా నగర్‌లో నేను పనిచేసిన షాపు బోర్డు మీద "మూడు తరాల కుటుంబ సంస్థ" అని ఉండేది. చేరిన రోజే ఓనరు గారు "నువ్వు మా ఇంటి అమ్మాయివమ్మా" అన్నారు. నమ్మాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి వైజాగ్ అంతా కరెంటు, నీళ్లు లేక అల్లాడినప్పుడు కంచరపాలెంలో మా ఇంటికి బియ్యం, కొవ్వొత్తులు పంపింది ఆయనే. అది ఎప్పటికీ మర్చిపోను.

8 ఏళ్లు చేసి మానేస్తూ గ్రాట్యుటీ, అంటే చేసిన ఏళ్లకు మానేసేటప్పుడు ఇచ్చే డబ్బు, అడిగాను. "ఇంట్లోవాళ్ల మధ్య లెక్కలేంటమ్మా?" అన్నారు. కొడుకు, అల్లుడి వాటాల లెక్క మాత్రం ఏటా ఆడిటర్ దగ్గర పైసలతో సహా తేలేది. ఆ బోర్డు చెప్పేది షాపు ఎవరిదో మాత్రమేనని, పనిచేసేవాళ్ల గురించి కాదని అప్పుడు అర్థమైంది.

అప్పట్లో అమల్లో ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసేచోట ఐదేళ్లు నిండితే ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాల్సి ఉండేది. మేము 14 మందిమి. కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్దామంటే కాళ్లు రాలేదు, ఆ కొవ్వొత్తులే గుర్తొచ్చేవి. చివరికి వెళ్లాను. డబ్బు వచ్చింది.

ఆయన మనవరాలి పెళ్లికి పిలుపు రాలేదు. ఆ పిల్లను ఎత్తుకుని తిప్పాను. ఇప్పటికీ బాధగానే ఉంది.