స్టాక్‌లో దొరకని ఫంక్షన్

మాదాపూర్‌లో మా ఆఫీసు. క్లయింట్ సర్వర్లో మా సి ప్రోగ్రామ్ రెండు మూడు రోజులకోసారి సెగ్‌ఫాల్ట్‌తో (ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుని) క్రాష్ అవుతోంది. అక్కడ డీబగ్గర్ జీడీబీ పెట్టనివ్వరు, కోర్ డంప్ (క్రాష్ అప్పటి మెమరీ కాపీ) తీయనివ్వరు. ఇక ప్రోగ్రామే పోయేముందు తన స్టాక్‌ను (ఎవరు ఎవర్ని పిలిచారో గుర్తుండే మెమరీని) తను చదివి లాగ్‌లో రాసిపోవాలి.

లినక్స్ సి లైబ్రరీ గ్లిబ్‌సీలో ఇందుకు బ్యాక్‌ట్రేస్ ఫంక్షన్ ఉంది. కానీ మొదటిసారి పిలిస్తే అది లిబ్‌జీసీసీని లోడ్ చేస్తూ మెమరీ కోసం మాలాక్‌ను పిలవొచ్చు. సిగ్నల్ హ్యాండ్లర్లో (క్రాష్ అవగానే నడిచే ఫంక్షన్‌లో) ఆ రిస్క్ ఎందుకని నేనే రాసుకున్నాను. (ప్రోగ్రామ్ మొదట్లోనే ఒకసారి పిలిచి ఉంచితే సరిపోయేదట, తర్వాత తెలిసింది.)

64 బిట్ ఇంటెల్ మీద లెక్క సులువే. స్టాక్‌లో ఇప్పటి ఫంక్షన్ భాగాన్ని (ఫ్రేమ్) చూపే రిజిస్టర్ ఆర్‌బీపీ. అది చూపించే చోట, ఈ ఫంక్షన్‌ను పిలిచినదాని ఆర్‌బీపీ ఉంటుంది, దానికి 8 బైట్ల పైన రిటర్న్ అడ్రస్ (తిరిగి వెళ్లాల్సిన చోటు). అది పట్టుకుని గొలుసులా పైకి పోవడమే.

మొదటిసారి రెండు ఫ్రేములు వచ్చాయి, మూడో దగ్గర నా హ్యాండ్లరే క్రాష్! వేగం కోసం ఓ2 ఆప్షన్‌తో కంపైల్ చేస్తే జీసీసీ కంపైలర్ ఫ్రేమ్ పాయింటర్ ఉంచదు, ఆర్‌బీపీని మామూలు రిజిస్టర్‌లా వాడేసుకుంటుంది. నో ఒమిట్ ఫ్రేమ్ పాయింటర్ ఆప్షన్‌తో మళ్లీ కంపైల్ చేశాను. కొత్త ఆర్‌బీపీ పాతదానికన్నా పెద్దది కాకపోతే ఆగిపొమ్మని ఒక చెక్ కూడా పెట్టాను.

ఈసారి గొలుసు మెయిన్ దాకా వచ్చింది. మా కోడ్‌లో మొదట కనిపించిన పేరు మాత్రం మా సీనియర్ ఫంక్షన్‌ది.

"అన్నా, నీ దాంట్లోనే పోతోంది."

ఆయన స్క్రీన్ చూసి, "తమ్మీ, ఈ లైన్‌లో అసలు పాయింటరే లేదు కదా" అన్నాడు. కిందికెళ్లి ఇరానీ చాయ్ తాగుతుంటే ఆయనే అడిగాడు: "హ్యాండ్లర్‌ను పిలిచింది ఓఎస్ కర్నల్ కదా. క్రాష్ అయిన ఫంక్షన్ ఎవర్నీ కాల్ చేయలేదు. మరి దాని అడ్రస్ స్టాక్‌లో రిటర్న్ అడ్రస్‌గా ఎలా ఉంటుంది?"

నిజమే. గొలుసులో మా కోడ్ నుంచి మొదట దొరికేది దాన్ని పిలిచినవాడే. పైగా రిటర్న్ అడ్రస్ అంటే కాల్ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్. అందులోంచి ఒకటి తీసేసి వెతక్కపోతే ఒక్కోసారి పక్క లైన్ చూపిస్తుంది. అసలు ఫంక్షన్ కావాలంటే హ్యాండ్లర్‌కు వచ్చే మూడో ఆర్గ్యుమెంట్‌లో కర్నల్ దాచిన ఆర్‌ఐపీ (క్రాష్ అయిన ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్) చదవాలి.

అది చేర్చాక వచ్చిన లాగ్‌లో మొదటి లైన్ నా ఫంక్షన్. కామా దొరక్క, అక్షరాన్ని వెతికే స్ట్ర్‌చర్ ఫంక్షన్ నల్ (ఖాళీ పాయింటర్) ఇస్తే, చూసుకోకుండా అక్కడే సున్నా రాసేశాను. అన్నకు సారీ చెప్పాను.

లైబ్రరీ లోపల క్రాష్ అయితే మాత్రం గొలుసు ఇప్పటికీ తెగుతోంది. దానికి ఫ్రేమ్ పాయింటర్ లేకపోయినా స్టాక్ చదవగల లైబ్రరీ, లిబ్‌అన్‌వైండ్ పెట్టాలి.