శరణార్థికి కూడా ఫీజు లేదు

శరణార్థుల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టమంటూ లేదు. శరణార్థుల రక్షణ కోసం వచ్చిన 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో భారత్ చేరలేదు. అందుకే చిత్తూరు కోర్టులో న్యాయసహాయం కోసం ఒక శ్రీలంక తమిళామె వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు రక్షణనిచ్చే రాజ్యాంగంలోని 21వ అధికరణమే. పౌరులకే కాదు, ఇక్కడున్న ప్రతి మనిషికీ అది వర్తిస్తుందని 1996లో అరుణాచల్‌ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్లాస్టిక్ కవర్లోంచి శరణార్థి క్యాంపు గుర్తింపు కార్డు తీసింది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించుకుంది. "ఫీజు ఎంత సార్?" అని తమిళంలో అడిగింది. (మా చిత్తూరోళ్లకు తమిళం వచ్చుండటం ఎంత మేలో!) ఆడవాళ్లకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టంలోనే ఉందమ్మా అన్నాను. నమ్మలేక మళ్లీ అడిగింది. ఆ భయం చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది.

మీకు తెలిసినవాళ్లెవరైనా ఇలా ఉంటే న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయించండి, దయచేసి.